పాతర మీద పట్టా

(మన గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. రికార్డింగు విని రాసుకున్నాం. ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? మైకు కొంచెం గరగరలాడుతోంది. సరే, కానిద్దాం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, మేడమ్ అమెరికా వెళ్లొచ్చారు, కౌబాయ్‌ల గురించి, రెడ్ ఇండియన్ల గురించి చెప్తారు అన్నారు. కౌబాయ్‌ల గురించి నాకు తెలిసింది మీకు తెలిసినంతే. కృష్ణగారు టోపీ పెట్టుకుని గుర్రమెక్కితే ఈలలు వేసిన తరం మాది. (నవ్వులు) ఇక 'రెడ్ ఇండియన్లు' అనే మాట నేనూ ముప్పై ఏళ్లు క్లాసులో వాడాను. ఇప్పుడు మానేశాను. కొలంబస్ దారి తప్పి పెట్టిన పేరుని అసలు ఇండియన్లమైన మనం మోయడమేమిటి? వాళ్లకి వాళ్ల పేర్లున్నాయి. పానీ, ఓటో, ఒమాహా, లకోటా, హిడాట్సా. పానీ అంటే మంచినీళ్లు కాదమ్మా, ఒక జాతి పేరు. ఇవాళ ఎక్కువగా వాళ్ల సంగతే చెప్తాను.

మా అమ్మాయి ఉండేది నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే ఊళ్లో. అమెరికా పటం మధ్యలో వేలు పెడితే దాదాపు అక్కడే పడుతుంది. ఆర్నెల్లు ఉన్నాను. పొద్దున్నే వాళ్లు ఆఫీసులకి పోతే ఇంట్లో నేనూ, కిటికీ. ఊరు దాటి కారులో వెళ్తే ఎటు చూసినా మొక్కజొన్న. కానీ అక్కడక్కడా, పాత గడ్డి మైదానం ఎలా ఉండేదో చూడడానికని కొంత నేల దున్నకుండా వదిలేశారు. అందులో నిలబడ్డాను. నడుం దాకా గడ్డి, గాలి. చెట్టన్నది లేదు. వాగుల పక్కన తప్ప చెట్టు మొలవని నేల అది. నాకు వెంటనే వచ్చిన ప్రశ్న ఏమిటో తెలుసా? చరిత్ర టీచరుకి రావాల్సిన ప్రశ్న కాదు. ఇక్కడికొచ్చిన ఆడవాళ్లు పొయ్యిలో ఏం పెట్టారు?

ఆ ప్రశ్న పట్టుకుని ఆర్నెల్లు చదివాను. ఇవాళ చెప్పేదంతా అక్కడినుంచి పుట్టిందే.

ముందు పట్టా సంగతి. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తుండగా, 1862 మే 20న అమెరికా అధ్యక్షుడు లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. హోమ్‌స్టెడ్ చట్టం. మనిషికి 160 ఎకరాలు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. ఆ నేల మీద ఇల్లు కట్టుకోవాలి, ఐదేళ్లు కాపురం ఉండాలి, సాగు చేయాలి. తర్వాత ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు వచ్చి, అవును ఇతను ఇక్కడే ఉన్నాడు, దున్నాడు అని సాక్ష్యం చెప్తే పట్టా చేతికొస్తుంది. చట్టం 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజే దరఖాస్తు పెట్టిన డానియల్ ఫ్రీమన్ అనే ఆయన భూమి లింకన్ ఊరికి నలభై మైళ్ల దూరంలో, బియాట్రిస్ పక్కన ఉంది. దాన్ని ఇప్పుడు జాతీయ పార్కు చేశారు.

మంచి చట్టమే అనిపిస్తుంది కదా? చాలా విధాల మంచిదే. పెళ్లికాని ఆడపిల్ల, 21 ఏళ్లు నిండితే తన పేరు మీదే భూమి తీసుకోవచ్చు. విధవరాలు తీసుకోవచ్చు. విడుదలైన నల్లజాతి బానిసలు తీసుకోవచ్చు. నిన్న ఓడ దిగిన స్వీడన్‌వాడు, జర్మనీవాడు కూడా, నేను ఈ దేశ పౌరుణ్ణి కావాలనుకుంటున్నాను అని ఒక కాగితం రాసిస్తే చాలు, అర్హుడే. కానీ ఆ గడ్డిలో తరతరాలుగా మొక్కజొన్న పండిస్తున్న మనిషి అర్హుడు కాదు. ఎందుకంటే చట్టం దృష్టిలో వాళ్లు పౌరులు కారు. 1875లో వాళ్లకీ ఒక చట్టం చేశారు గానీ, భూమి కావాలంటే జాతితో సంబంధం తెంచుకోవాలని షరతు పెట్టారు. అంటే నువ్వు నీవాళ్లకి ఏమీ కావని రాసిస్తే, నీ నేలలోంచే నీకు 160 ఎకరాలు.

ఫ్రీమన్‌గారి ఆ భూమి ఎవరిది అంతకుముందు? ఓటో, మిస్సోరియా జాతులది. ఒప్పందాలు రాయించుకుని, 1854 నాటికి ఆ ప్రాంతం వాళ్ల చేత వదిలించారు. అంటే దరఖాస్తుకి ఎనిమిదేళ్ల ముందు సంగతి. ఫ్రీమన్ ఎవరినీ తరిమింది లేదు, తుపాకీ పేల్చింది లేదు. ఆయన వచ్చేసరికే అది కాగితాల మీద ఖాళీ నేల. నేను ఇన్నేళ్లు క్లాసులో యుద్ధాల తారీఖులు చెప్పాను. ఈ ఖాళీ చేసే కాగితం గురించి ఎప్పుడూ చెప్పలేదు.

సాక్ష్యాలంటే ఒకటి గుర్తొచ్చింది. ఇల్లు కనీసం పన్నెండు బై పద్నాలుగు ఉండాలని ఆఫీసుల్లో అడిగేవారట. కొందరు మహానుభావులు పన్నెండు అంగుళాలు, పద్నాలుగు అంగుళాలు ఉన్న బొమ్మరిల్లు చెక్కి పెట్టి, పన్నెండు బై పద్నాలుగు ఇల్లుందని ప్రమాణం చేసి పట్టా తీసుకున్నారని చెప్పుకుంటారు. (నవ్వులు) నవ్వకండి, మన రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

ఇక ఇల్లు. చెట్టు లేదు, రాయి లేదు. రైల్లో కలప తెప్పించడానికి డబ్బు లేదు. మరి దేంతో కడతారు? గడ్డితో సహా నేలనే కోశారు. అక్కడి గడ్డి వేర్లు ఎంత దట్టమంటే, ప్రత్యేకమైన మడకతో అడుగు వెడల్పున దున్నితే చాప చుట్టినట్టు పెళ్ల లేస్తుంది. మూడు నాలుగు అంగుళాల మందం. దాన్ని పారతో రెండు మూడు అడుగుల ముక్కలుగా నరికి, గడ్డి వైపు కిందికి పెట్టి, ఇటుకలు పేర్చినట్టు పేరుస్తారు. గోడ రెండు అడుగుల పైనే. ఒక మామూలు ఇంటికి అర ఎకరం, ఎకరం నేల చర్మం ఒలవాలి. ఆ పెళ్లల్ని జనం 'నెబ్రాస్కా పాలరాయి' అని వెక్కిరించుకునేవాళ్లు.

ఇక్కడ పెద్దవాళ్లు చాలామంది మట్టి మిద్దెల్లో పుట్టినవాళ్లే. నేనూ అంతే. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వానాకాలం ఏమవుతుందో కూడా చెప్పక్కర్లేదు. (నవ్వులు) మా అమ్మ ఎక్కడ కారితే అక్కడ గిన్నె పెట్టేది. వాళ్ల పైకప్పూ గడ్డి పెళ్లలే. రెండు రోజులు వాన పడితే, వాన ఆగాక కూడా ఇంట్లో రెండు రోజులు పడుతుంది, అదీ బురద నీళ్లు. పొయ్యి దగ్గర ఒకరు వండుతుంటే ఇంకొకరు గొడుగు పట్టుకుని నిలబడడం మామూలు. మట్టి, ఎలుకలు, అప్పుడప్పుడు పాము పై నుంచి పడకుండా పైకప్పు కింద తెల్ల గుడ్డ కట్టేవాళ్లు. అయినా ఆ మందం గోడ కిటికీ గూట్లో పూలకుండీ పెట్టుకున్నారు. ఫోటోల్లో కనిపిస్తాయి.

ఫోటోలంటే, సాలమన్ బుచర్ అని ఒకాయన ఉన్నాడు. వ్యవసాయం చేతకాలేదు, వైద్యం చదవబోయి మానేశాడు. చివరికి 1886లో ఒక బండి కట్టుకుని నెబ్రాస్కాలోని కస్టర్ కౌంటీలో ఇంటింటికీ తిరిగి ఫోటోలు తీశాడు. వేలల్లో మిగిలాయి. అందులో ఒక కుటుంబం పశువుల దొడ్లో నిలబడి ఉంటుంది, మధ్యలో ఒక పెద్ద హార్మోనియం లాంటి వాయిద్యం. ఆరుబయట అదేమిటి అనుకున్నాను. ఇల్లాలికి తూర్పున ఉన్న చుట్టాలకి ఫోటో పంపాలని ఉంది. మట్టి ఇల్లు మాత్రం ఫోటోలో పడకూడదు. అందుకని ఇంట్లో ఉన్న ఒక్క ఖరీదైన వస్తువునీ బయటికి మోయించి, దాని చుట్టూ నిలబడ్డారు. ఆ ఫోటో ముందు నేను చాలాసేపు ఉన్నాను. మా మేనత్త పట్నం సంబంధంవాళ్లు వచ్చినప్పుడు పక్కింటి కుర్చీలు తెచ్చి వేయించింది, అది గుర్తొచ్చి.

సరే, పొయ్యి. రామాయణంలో పిడకల వేట అంటారు కదా, మనం ఇప్పుడు నిజంగానే పిడకల వేటకి వెళ్తున్నాం. (నవ్వులు) ఆ మైదానంలో కోట్ల బైసన్లు తిరిగేవి. బఫెలో అంటారు వాళ్లు, మన బర్రె కాదు, పెద్ద మూపురం, జూలు ఉన్న అడవిదున్న లాంటిది. వాటి పేడ ఎండి గట్టిపడి మైదానమంతా పడి ఉండేది. మొదట బండ్లలో పడమరకి పోతున్న కుటుంబాల ఆడవాళ్లు దాన్ని చూసి ముక్కు మూసుకున్నారు. డైరీల్లో రాసుకున్నారు పాపం. మొదట్లో రెండు కట్టెల మధ్య పట్టుకుని తెచ్చారు, తర్వాత గుడ్డతో, తర్వాత చేత్తో, ఆ తర్వాత చెయ్యి కడుక్కోకుండానే రొట్టె పిండి కలిపే దాకా వచ్చింది వ్యవహారం. పిల్లలకి సాయంత్రం పని, గోనెసంచీ తీసుకుని పిడకలు ఏరుకురావడం. మూలవాసులు అంతకుముందు ఎన్నో తరాలుగా చేస్తున్నది అదే. వీళ్లు వాళ్లని చూసి నేర్చుకున్నారో, చెట్టులేని నేలే నేర్పిందో. పొయ్యి మాత్రం ఒక్కటే.

బైసన్ల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాని గురించి అందరూ మాట్లాడతారు. 1871 తర్వాత వాటి తోలుని ఫ్యాక్టరీల్లో యంత్రాల బెల్టులకి, చెప్పులకి వాడడం మొదలైంది. రైలు వచ్చింది. పదిహేనేళ్లలో కోట్లు కాస్తా వందల్లోకి దిగిపోయాయి. మైదానమంతా ఎముకలు. కొత్తగా వచ్చిన రైతుకి మొదటి ఏడు పంట రాదు కదా, అప్పుడు చేతికి వచ్చిన మొదటి డబ్బు ఏమిటి? ఆ ఎముకలు. బండికెత్తి రైల్వే స్టేషన్ దగ్గర టన్నుకి కొన్ని డాలర్ల లెక్కన అమ్మారు. ఎరువుకి, చక్కెర శుద్ధికి పోయేవి. ఒకరి తిండి పోయిన ఎముకల మీద ఇంకొకరి మొదటి ఉప్పూ పప్పూ వచ్చాయి. రైతు తప్పా అది? అతను కూడా ఆకలితోనే ఏరాడు.

ఇప్పుడు పానీ వాళ్ల ఇంటికి వెళ్దాం. సినిమాల్లో మూలవాసులంటే తోలు గుడారాలు చూపిస్తారు. పానీలు వేటకి వెళ్లినప్పుడు మాత్రమే గుడారం. ఊళ్లో వాళ్లది మట్టి ఇల్లు. ప్లాట్, లూప్, రిపబ్లికన్ నదుల ఒడ్డున ఊళ్లు. మధ్యలో నాలుగు పెద్ద స్తంభాలు, చుట్టూ దూలాలు, పైన విల్లో కంపలు, గడ్డి, దాని మీద పెళ్లలు, మట్టి. బోర్లించిన బాన లాగా గుండ్రంగా ఉంటుంది. నలభై అడుగుల వెడల్పు ఉండేవి కూడా ఉన్నాయి. వాకిలి తూర్పుకి. నడిమధ్యన పొయ్యి, దాని మీద పొగ పోవడానికి గవాక్షం. ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు. తూర్పు వాకిలి వాళ్లకి నమ్మకం, ఉదయం నక్షత్రం వాళ్ల దైవాల్లో ఒకటి. మనకి వాస్తు. (నవ్వులు) ఇంతకీ చూడండి, ఇటు సెటిలర్ పెళ్లలు కోసి కట్టిందీ, అటు పానీ కట్టిందీ ఒకే గడ్డి, ఒకే మట్టి. పానీ ఇల్లు పదేళ్ల పైన నిలిచేది, దాంట్లో కారేది తక్కువ. సెటిలర్ చతురస్రంగా కట్టి తడిశాడు.

సెటిలర్ అనే మాట నేను వాడుతుంటే ముందు వరసలో ఎవరో ముసిముసిగా నవ్వుతున్నారు. ఆ మాటకి హైదరాబాద్‌లో ఉన్న అర్థాలు ఇక్కడ తీసుకురాకండి బాబూ.

పానీల ఏడాది ఎలా గడిచేదో చెప్తాను. వసంతంలో ఆడవాళ్లు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి జాతులు విత్తుతారు. పొలం ఆడవాళ్లది, ఇల్లు ఆడవాళ్లది, గింజ ఆడవాళ్లది. రెండుసార్లు కలుపు తీశాక, జూన్ చివర్లో ఊరు ఊరంతా, ముసలీ ముతకా, కుక్కలు, గుర్రాలు, పడమరకి బైసన్ల వేటకి కదులుతుంది. శ్రావణ భాద్రపదాల మధ్య తిరిగొచ్చి పంట కోస్తారు. గింజ దాచి మళ్లీ చలికాలం వేటకి పోతారు. అంటే ఏడాదిలో సగం కాలం ఊళ్లో మనుషులుండరు. ఆ సమయంలో అటు వచ్చిన సర్వేయరు ఏం రాసుకుంటాడు? జనం లేని ఊరు, సాగు చేయకుండా వదిలేసిన నేల. ఇల్లు కట్టి ఐదేళ్లు కదలకుండా ఉంటేనే కాపురం అని చట్టం అనుకుంది. కదులుతూ చేసే కాపురం దాని లెక్కలోకి రాలేదు.

మరి ఊళ్లో మనుషులు లేనప్పుడు గింజ ఎక్కడుంటుంది? పాతరలో. నిజంగా మన పాతరే. ఈ పిల్లలకి తెలియదేమో, మీ తాతల్ని అడగండి, జొన్నలు పాతరేయడం అంటే ఏమిటో. దీని గురించి బాగా చెప్పింది హిడాట్సా జాతి ఆవిడ ఒకామె, బఫెలో బర్డ్ వుమన్ అని. హిడాట్సాలు పానీలకి ఉత్తరాన, డకోటాలో మిస్సోరీ నది ఒడ్డున ఉండేవాళ్లు. ఆవిడ 1839 ప్రాంతంలో పుట్టింది. ముసలితనంలో ఒక పరిశోధకుడికి తన పొలం పనంతా, విత్తనం ఎంపిక మొదలుకుని, చెప్పింది. 1917లో అది అచ్చయింది. నేను చదివిన వ్యవసాయం పుస్తకాల్లో అంత వివరంగా చెప్పిన రైతు ఇంకొకరు లేరు.

ఆవిడ చెప్పిన పాతర ఇలా ఉంటుంది. మూతి సన్నగా, ఒక మనిషి దిగేటంత. లోపలికి పోయేకొద్దీ వెడల్పు, బాన కడుపులాగా. నిచ్చెన వేసుకుని దిగాలి. గోడలకి ఎండుగడ్డి పరుస్తారు. జడలల్లిన కంకులు గోడ వెంబడి పేరుస్తారు, మధ్యలో వొలిచిన గింజ పోస్తారు. ఎండబెట్టిన గుమ్మడి ముక్కల దండలు గింజల నడిమధ్యన పెడతారు. ఎందుకు? చెమ్మ తగిలితే ముందు పాడయ్యేది అవే కాబట్టి. మూతి మీద తోలు, దాని మీద దుంగలు, మట్టి. చివరికి పైన బూడిద, చెత్త ఊడ్చి పోస్తారు, శత్రువులు వచ్చినా కనిపించకుండా. ఆ బూడిద సంగతి చదివినప్పుడు నాకు ఆవిడ మా ఊరి ముసలమ్మే అనిపించింది.

ఇంకోటి. పొలం మధ్యలో మంచె వేసేవాళ్లు. కాకులు, గుర్రాలు, పొలంలో దూరే మగపిల్లలు, వీళ్ల నుంచి కాపలా. పది పన్నెండేళ్లు వచ్చిన ఆడపిల్లలు ఇద్దరిద్దరు మంచె ఎక్కి కూర్చుని పాటలు పాడతారు. మొక్కజొన్నకి ప్రాణం ఉందని, పసిపిల్లకి జోలపాట పాడినట్టు పాడితే బాగా పెరుగుతుందని వాళ్ల నమ్మకం. అటువైపు వరసైన కుర్రవాడెవడైనా పోతే వాణ్ణి ఏడిపించే పాటలు వేరే ఉన్నాయి. (నవ్వులు) నవ్వుతున్నారంటే మీకూ మంచె పాటలు వచ్చన్నమాట.

బఫెలో బర్డ్ వుమన్ అమ్మమ్మ, అప్పటికి ఇనుప పారలు వచ్చినా, బైసన్ భుజం ఎముకతో చేసిన పారనే వాడేదట. ఆవిడ పెరిగిన ఊరు ఇప్పుడు లేదు. 1950లలో గారిసన్ డ్యామ్ కట్టినప్పుడు నీళ్ల కింద పోయింది. మన శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఈ రెండు రకాల ఇళ్ల మనుషులు ఒకరికొకరు ఎదురుపడితే ఏం జరిగేది? సినిమా ప్రకారం బాణాలు, తుపాకులు. జరిగాయి, లేదనను. 1862లో మిన్నెసోటాలో డకోటా జాతికీ సెటిలర్లకీ మధ్య జరిగింది చాలా భయంకరం, ఇరువైపులా. కానీ రోజువారీ జరిగింది వేరు. సెటిలర్ స్త్రీల జ్ఞాపకాల్లో ఒకే దృశ్యం మళ్లీమళ్లీ వస్తుంది. భర్త ఊళ్లో లేడు. తను రొట్టె కాలుస్తోంది. తల తిప్పి చూస్తే కిటికీలో ముఖాలు. తలుపు కొట్టకుండా నలుగురు లోపలికి వచ్చేస్తారు, కూర్చుంటారు, వస్తువులు తాకి చూస్తారు, రొట్టె, కాఫీ, పంచదార అడుగుతారు. ఆమెకి గుండె ఆగినంత పని. పెట్టింది తిని వెళ్లిపోతారు. 'అడుక్కుతినే జనం' అని రాసుకుంటుంది.

ఇప్పుడు అటు వైపు నుంచి చూడండి. పానీ ఇంటికి తలుపు కొట్టడం అనేది లేదు. ఇంటికి వచ్చినవాడికి ముందు అన్నం పెట్టి తర్వాత మాట్లాడాలి. మా ఊళ్లో మాత్రం తలుపు కొట్టి ఎవరొస్తారు? "ఏం వదినా, ఏం వండావు" అంటూ నేరుగా వంటింట్లోకే. పైగా ఆ ఇల్లు నిలబడింది ఎవరి గడ్డి మీద? ఆమె నీళ్లు తోడేది ఎవరి వాగులో? పొయ్యిలోకి కంప ఎవరిది? వాళ్ల దృష్టిలో అది అడుక్కోవడం కాదు, అతిథి మర్యాద. కొంత కౌలు కూడా అనుకోండి. ఒకే రొట్టె ముక్క. ఇచ్చిన ఆమె దానం అనుకుంది, తీసుకున్నవాళ్లు బాకీ అనుకున్నారు.

ఇంకో రకం ఎదురుపాటు కూడా చెప్పాలి. కాన్సాస్‌లో నికోడెమస్ అని ఒక ఊరుంది. 1877లో కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతివాళ్లు కట్టుకున్నారు. పదేళ్ల పైచిలుకు కింద బానిసలు. కరపత్రాల్లో బంగారుభూమి అని రాశారు. రైలు దిగి వచ్చి చూస్తే ఇళ్లు లేవు, నేలలో తవ్విన గుంతల్లోంచి పొగ వస్తోంది. అవే ఇళ్లు. కొందరు మర్నాడే వెనక్కి పోయారు. ఉన్నవాళ్లకి మొదటి చలికాలం తిండి లేదు. వాళ్లని ఆదుకున్నది, వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ జాతివాళ్లు. మాంసం ఇచ్చారు. ఆ ఓసేజ్‌లని కాన్సాస్ నుంచి పంపించేసి అప్పటికి ఆరేడేళ్లు. తమ నేల నుంచి వెళ్లగొట్టబడినవాళ్లు, ఎవరి నేలా లేకుండా పుట్టినవాళ్లకి పెట్టారు. నికోడెమస్ ఇప్పటికీ ఉంది. మనుషులు చాలా తక్కువ.

కష్టాల జాబితా చదివితే రాత్రయిపోతుంది. రెండు చెప్తాను. 1874 జులైలో మిడతల దండు. సూర్యుడు కనిపించలేదు. పొలం అయిపోయింది, ఉల్లిగడ్డలు నేలలోంచి తొలిచి తిన్నాయి, నేలలో గుంటలు మాత్రం మిగిలాయి. కూరగాయల మడుల మీద దుప్పట్లు కప్పితే దుప్పట్లు తిన్నాయి. చెమట ఉప్పు ఉంటుందని పార కర్రలు, గుర్రం తోలు పట్టీలు కొరికాయి. పట్టాల మీద మిడతలు నలిగి జారుడుకి రైళ్లు ఆగిపోయాయి. విచిత్రం ఏమిటంటే, ఆ జాతి మిడత 1902 తర్వాత ఎక్కడా కనిపించలేదు. అవి గుడ్లు పెట్టే కొండల పక్క లోయలని సెటిలర్లు దున్నేశారు, నీళ్లు కట్టారు, అందుకే పోయిందని శాస్త్రజ్ఞుల అంచనా. రెండోది 1888 జనవరి 12. పొద్దున వెచ్చగా ఉందని పిల్లలు పలుచటి బట్టలతో బడికి పోయారు. మధ్యాహ్నం గోడలా వచ్చి పడింది మంచు తుఫాను. రెండొందల మంది పైగా పోయారు, చాలామంది బడి నుంచి ఇంటికి వస్తున్న పిల్లలు. అది చదివిన రోజు మా మనవరాలు బడి నుంచి వచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్.

పానీలకి ఏమైంది? వాళ్లకి లూప్ నది ఒడ్డున, జెనోవా దగ్గర ఒక రిజర్వేషన్ మిగిల్చారు. 1873లో అనుమతి తీసుకునే వేసవి వేటకి వెళ్లారు. ఆగస్టు 5న నైరుతి నెబ్రాస్కాలో ఒక లోయలో లకోటాలు వాళ్ల మీద పడ్డారు. తక్కువ వేసినా డెబ్బై మంది చనిపోయారు, ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. అవును, మూలవాసులే మూలవాసులని చంపారు. అందరూ ఒకటే అనుకోకండి, వాళ్ల పగలు వాళ్లకున్నాయి. కానీ బైసన్లు కోట్లలో ఉన్నన్నాళ్లు ఆ పగకి అంత ఆకలి లేదు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో పానీలు మొత్తం ఓక్లహోమా ప్రాంతానికి పోవలసి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పదివేల పైచిలుకు ఉన్న జాతి, 1900 నాటికి ఆరేడు వందలు. వాళ్లు ఖాళీ చేసిన జెనోవాలో 1884లో ప్రభుత్వం ఒక బోర్డింగ్ స్కూలు పెట్టింది. ఎన్నో జాతుల పిల్లల్ని తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, యాభై ఏళ్లు నడిపింది.

ఉన్నవాళ్ల భూమి సంగతి కూడా ఒక ముక్క. 1887లో డాస్ చట్టం అని ఇంకోటి వచ్చింది. ఉమ్మడిగా ఉన్న నేలని కుటుంబానికి 160 ఎకరాల చొప్పున పంచి, 'మిగులు' అని తేలింది బయటివాళ్లకి అమ్మేశారు. ఆ ఏడు మూలవాసుల చేతిలో ఉన్నది దాదాపు 13 కోట్ల 80 లక్షల ఎకరాలు. 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలు. 'మిగులు భూమి' అన్న మాట అక్కడ పనిచేసిన తీరు వేరే.

వీటి మధ్య ఒకావిడ గురించి చెప్పకుండా ఉండలేను. సూజన్ లాఫ్లెష్, ఒమాహా జాతి పిల్ల. చిన్నప్పుడు తన కళ్లముందే ఒక జబ్బుపడ్డ ముసలమ్మ డాక్టరు కోసం రాత్రంతా ఎదురుచూసి చనిపోయింది. కబురు పెట్టినా తెల్ల డాక్టరు రాలేదు. ఈ పిల్ల ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి 1889లో పట్టా తీసుకుంది, మూలవాసుల్లో మొదటి మహిళా డాక్టరు. ఇప్పుడు వినండి. అదే కాలేజీ నుంచి 1886 మార్చిలో పట్టా తీసుకుని వెళ్లిన మన అమ్మాయి ఎవరు? చెప్పండి... అవును, ఆనందీబాయి జోషి. ఆనందీబాయి పట్టా తీసుకున్న కొన్ని నెలలకి సూజన్ చేరింది. ఇద్దరు ఇండియన్లు, రెండు అర్థాల్లో, ఒకే మెట్ల మీద కొన్ని నెలల తేడాతో. (చప్పట్లు) ఆనందీబాయి తిరిగొచ్చి మరుసటి ఏడే పోయింది. సూజన్ గుర్రబ్బండి మీద రిజర్వేషనంతా తిరిగి, మంచులో, ఒమాహాలకీ తెల్లవాళ్లకీ వైద్యం చేసింది. అందరూ ఒకే గ్లాసుతో నీళ్లు తాగొద్దని, ఈగలు వాలనీయొద్దని పోరింది. 1913లో వాల్ట్‌హిల్ అనే ఊళ్లో ఆసుపత్రి తెరిపించింది.

టైమ్ చూపిస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ఆపుతాను.

పానీ ఆడవాళ్లు ఓక్లహోమాకి పోయేటప్పుడు మూటల్లో విత్తనాలు పట్టుకెళ్లారు. ఆ నేల వేరు, ఎండ వేరు. మొక్కజొన్న సరిగా పండలేదు. ఏడాదికేడాది తగ్గిపోతూ, కొన్ని రకాలు సీసాల్లో గుప్పెడు గింజలుగా మిగిలాయి. నూట పాతికేళ్లకి పైగా గడిచాయి. 2000 తర్వాత నెబ్రాస్కాలో కార్నీ అనే ఊళ్లో, వలస బండ్ల చరిత్ర చూపించే ఒక మ్యూజియంలో పనిచేసే రానీ ఓబ్రయన్ అనే ఆవిడ, ఇక్కడ పానీ తోట ఒకటి వేద్దాం, విత్తనాలున్నాయా అని ఫోన్ చేసింది. పానీల విత్తనాలు చూసుకునే డెబ్ ఎకోహాక్ అనే ఆవిడ ఆలోచనలో పడింది. ఉన్నదే గుప్పెడు. అదీ ఎవరికి ఇవ్వాలి, తమని పంపించేసి ఉన్నవాళ్లకా? పెద్దలతో మాట్లాడి, చివరికి ఇచ్చింది.

మొదటి ప్రయత్నం పోయింది. మళ్లీ ఇచ్చింది. ఈసారి పండింది. పాత నేల గుర్తుపట్టినట్టు పండింది అని వాళ్లే చెప్పుకుంటారు. అందులో ఒక రకం పేరు గద్ద మొక్కజొన్న. తెల్లటి గింజ మీద ఊదా రంగు మచ్చ, రెక్కలు చాపిన గద్దలా ఉంటుంది. ఇప్పుడు నెబ్రాస్కాలో కొందరు రైతులు, తోటలు వేసుకునేవాళ్లు, వాళ్లలో హోమ్‌స్టెడ్ పట్టా తీసుకున్నవాళ్ల మనవలూ మునిమనవలూ ఉన్నారు, పానీ గింజ వేసి, పండించి, ఓక్లహోమాకి పంపుతున్నారు. పానీలు వచ్చి కోతల్లో చేరతారు, వండుకుని తింటారు. భూమి పట్టా మాత్రం ఎవరి పేరు మీదున్నది వాళ్ల పేరు మీదే ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకాయన: "ఆ జొన్న రుచి ఎట్లుంటాదమ్మా?")

నాకు దొరకలేదయ్యా. అడగబుద్ధీ కాలేదు. మా అమ్మాయి సూపర్‌మార్కెట్‌లో మొక్కజొన్న పిండి తెచ్చింది, సంకటి చేశాను. మెత్తగా వచ్చింది గానీ, మన జొన్న సంకటి కాదు. పదండి, వాచ్‌మన్ లైట్లు ఆర్పేలా ఉన్నాడు, బయట టీ తాగుతూ మాట్లాడుకుందాం.